నెట్ ఎక్కడ ఆగింది? ఆ మాటలన్నీ అడిగేది ఇదొక్కటే

ప్రశ్న: నాకు యాభై నాలుగేళ్లు. ఇంటి నుంచే అకౌంట్ల పని చేస్తాను. పోయిన వారం నెట్ పోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. అవతలి అబ్బాయి 'మేడం, సిస్టమ్‌కి ఐపీ వస్తోందా, గేట్‌వే పింగ్ అవుతోందా, డీఎన్ఎస్ ఏమైనా మార్చారా' అని వరసగా అడిగాడు. ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను, సిగ్గేసింది. మా అబ్బాయిని అడిగితే 'నీకెందుకమ్మా ఇవన్నీ, ఆపి ఆన్ చెయ్యి' అంటాడు. నెట్‌వర్కింగ్ పదాలకు అర్థాలు అని ఒక పెద్ద జాబితా దొరికితే నోటుబుక్కులో రాసుకుని చదివాను. నలభై మాటలు దాటేసరికి మొదటివి మర్చిపోయాను. ఈ వయసులో ఇవి నాకు ఎక్కుతాయా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ఎక్కుతాయండీ, తప్పకుండా ఎక్కుతాయి. మీకు డెబిట్, క్రెడిట్, ప్రొవిజన్ లాంటి మాటలు జాబితా బట్టీ పడితే వచ్చాయా? ఒక లావాదేవీని పట్టుకుని అది ఏ పుస్తకంలోంచి ఏ పుస్తకంలోకి పోతుందో చూస్తూ పోతే వచ్చాయి. ఇవీ అంతే. అక్షర క్రమంలో పెట్టిన జాబితాలో గేట్‌వే పక్కన గిగాబిట్ ఉంటుంది, పింగ్ పక్కన ప్రాక్సీ ఉంటుంది, ఒకదానికీ ఇంకోదానికీ చుట్టరికం ఉండదు, అందుకే చదివింది చదివినట్టే జారిపోయింది. తప్పు మీ వయసుది కాదు, ఆ జాబితాది. నోటుబుక్కు కాసేపు పక్కన పెట్టండి.

ఆ అబ్బాయి అడిగిన మూడు ప్రశ్నలూ నిజానికి ఒకే ప్రశ్న: నెట్ ఎక్కడ ఆగింది? మీ ల్యాప్‌టాప్ నుంచి ఎక్కడో ఉన్న వెబ్‌సైట్ దాకా ఒక దారి ఉంది, ఈ మాటల్లో చాలా భాగం ఆ దారిలో ఒక్కో చోటుకి పెట్టిన పేర్లు. మీరు ఆ దారి వెంట ఒకసారి నడిస్తే చాలు, పేర్లు వాటంతటవే గుర్తుంటాయి. రండి, మీ టేబుల్ దగ్గర మొదలుపెడదాం.

మొదటి మజిలీ, మీ ల్యాప్‌టాప్ నుంచి గోడ దగ్గరున్న వైఫై డబ్బా దాకా. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. వైఫై అంటే ఆ డబ్బాకీ మీ ల్యాప్‌టాప్‌కీ మధ్య తీగ లేకుండా నడిచే రేడియో మాటామంతీ, అంతవరకే. తెర మూలన వైఫై గీతలు నిండుగా ఉన్నాయంటే డబ్బా మీకు బాగా వినిపిస్తోందని అర్థం, డబ్బాకి బయటి నుంచి నెట్ వస్తోందా లేదా అన్నది ఆ గీతలు చెప్పవు. 'సిగ్నల్ ఫుల్‌గా ఉంది కానీ నెట్ రావట్లేదు' అని తల పట్టుకునేవాళ్లకి సగం టెన్షన్ ఈ ఒక్క సంగతి తెలిస్తే తగ్గిపోతుంది. (వైఫై అనే పేరుకి పొడుగు రూపం ఏదో ఉందని చాలామంది చెబుతారు. అలాంటిదేమీ లేదు, 1999లో ఆ సాంకేతికతను జనంలోకి తీసుకెళ్లడానికి పెట్టుకున్న వ్యాపార పేరు అది, అంతే.)

మీ డబ్బా ఒకే ఇంటికి రెండు వైఫై పేర్లు చూపిస్తుంటే, ఒకదాని చివర 5జీ అని ఉంటే, అది సెల్‌ఫోన్ 5జీ కాదండోయ్, 5 గిగాహెర్ట్జ్ అనే రేడియో తరంగాల వరస అని. రెండోది 2.4 గిగాహెర్ట్జ్. 5 వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది, 2.4 నెమ్మదే కానీ దూరం పోతుంది. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా 2.4 దగ్గర్లోనే, అందుకే ఓవెన్ తిరుగుతున్నంతసేపూ దాని పక్కన 2.4 వైఫై తడబడొచ్చు. డబ్బా ఉన్న గదిలోనే పని చేసుకునేటట్టయితే 5కి కలపండి.

ఇంక ఆ డబ్బా. దాన్ని మోడెమ్ అనాలా రౌటర్ అనాలా అని గింజుకోకండి, చాలా ఇళ్లలో ఒకే డబ్బాలో రెండు మూడు పనులు కూరిపెట్టి ఉంటాయి. బయటి నుంచి వచ్చే తీగలోని సంకేతాన్ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చేది మోడెమ్. ఫైబర్ కనెక్షన్ అయితే ఆ పని చేసేదాన్ని ఓఎన్‌టీ అంటారు, సన్నటి గాజు పోగులో వచ్చే వెలుతురును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. అలా వచ్చిన ఒకే కనెక్షన్‌ని ఇంట్లో ఉన్న ఫోన్లకీ ల్యాప్‌టాప్‌కీ టీవీకీ పంచేది, ఎవరికి వచ్చింది వాళ్లకి చేరవేసేది రౌటర్. మీ దగ్గర ఫైబర్ ఉంటే డబ్బా మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చిన్న లైటు ఒకటుంటుంది, చూడండి. అది ఎర్రగా వెలుగుతున్నా, ఎర్రగా కొట్టుకుంటున్నా డబ్బా దాకా వెలుతురు రావట్లేదని అర్థం. పోగు ఎక్కడో తెగి ఉంటుంది, లేదా వంగి, ఊడి ఉంటుంది. అప్పుడు మీరు ల్యాప్‌టాప్‌లో ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు. ఫోన్ చేసి 'ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది, మనిషిని పంపండి' అనండి. ఆ ఒక్క వాక్యంతో పావుగంట ప్రశ్నలు తప్పుతాయి.

లైట్లన్నీ మామూలుగానే ఉన్నాయి, అయినా నెట్ లేదు. ఇప్పుడు ఆ అబ్బాయి మొదటి ప్రశ్నకు వద్దాం: ఐపీ వస్తోందా?

నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి పరికరానికీ ఒక నంబరు ఉండాలి, లేకపోతే సమాచారం ఎవరికి చేర్చాలో తెలియదు. ఆ నంబరే ఐపీ అడ్రస్. మీ ల్యాప్‌టాప్ వైఫైకి కలవగానే చేసే మొదటి పని 'నాకో నంబరు ఇవ్వండి' అని అరవడం, రౌటర్ అది విని తన దగ్గరున్న నంబర్లలోంచి ఒకటి కొంత గడువు పెట్టి ఇవ్వడం. ఈ ఇచ్చిపుచ్చుకునే పద్ధతి పేరే డీహెచ్‌సీపీ. మీరు చేత్తో ఏమీ నింపకుండానే నెట్ కలుస్తోందంటే దాని చలవే.

ఇది మీ కళ్లతో చూడొచ్చు. విండోస్ అయితే స్టార్ట్ దగ్గర సీఎండీ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి, నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. భయపడకండి, అందులో ఇప్పుడు మనం చేసేవన్నీ చూసే పనులే, ఏదీ పాడవదు. ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లిష్‌లో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కితే చాలా వరసలు వస్తాయి. వాటిలో ఐపీవీ4 అడ్రస్ అన్న వరస ఒకటి, డీఫాల్ట్ గేట్‌వే అన్న వరస ఒకటి, ఈ రెండే మనకు కావాల్సినవి. ఐపీవీ4 ఎదురుగా 192.168.1.7 లాంటిది కనిపిస్తే మీకు ఐపీ వచ్చినట్టే. 10తో మొదలయ్యే నంబరున్నా సరే. కానీ అక్కడ 169.254తో మొదలయ్యే నంబరు కనబడితే మాత్రం ఆగండి. రౌటర్ నుంచి జవాబు రాక ల్యాప్‌టాప్ తనంతట తాను పెట్టుకున్న తాత్కాలిక నంబరు అది. నెట్ సంగతి అటుంచి, మీరు మీ రౌటర్‌నే చేరలేదన్నమాట. ఫోన్‌లో అయితే ఇదే జబ్బు 'ఐపీ అడ్రస్ పొందుతోంది' అంటూ అక్కడే తిరగడంగా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపి మళ్లీ కలపండి, కుదరకపోతే రౌటర్‌ని ఆపి ఆన్ చేయండి.

ఇక్కడ ఒక అనుమానం రావాలి మీకు. 192.168.1.7 అన్న నంబరే ఇంకో ఇంట్లో ఇంకొకరికీ ఉంటుంది కదా, మరి తికమక పడదా? పడదు, ఎందుకంటే ఆ నంబర్లు ఇంటిలోపల వాడుకోవడానికే కేటాయించినవి, గడప దాటవు. బయటి లోకానికి మీ ఇల్లంతటికీ కలిపి కనిపించేది వేరే నంబరు, దాన్ని పబ్లిక్ ఐపీ అంటారు. లోపలి నంబర్లను బయటి నంబరుగా, తిరిగి వచ్చినదాన్ని సరైన లోపలి నంబరుగా మార్చే పని రౌటర్‌ది, దాని పేరు నాట్. ఇంత తతంగం ఎందుకంటే ఐపీవీ4 అనే ఈ నంబర్ల పద్ధతిలో మొత్తం నంబర్లు దాదాపు 429 కోట్లే, ప్రపంచంలో పరికరాలు అంతకు మించిపోయాయి. ప్రాంతాలవారీగా పంచడానికి మిగిల్చుకున్న చివరి దొంతరలు కూడా 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. అందుకే ఐపీవీ6 అనే కొత్త వరస వచ్చింది, మీ నల్లకిటికీలో అంకెలూ అక్షరాలూ కోలన్లూ కలిసి పొడుగ్గా కనిపించేది అదే. దాన్ని గుర్తుపడితే చాలు, ఇంకేం చేయక్కర్లేదు.

గేట్‌వే అంటే గడప. మీ ఇంటి నెట్‌వర్క్ నుంచి బయటికి పోవాలంటే దాటాల్సిన చోటు, అంటే మీ రౌటరే. డీఫాల్ట్ గేట్‌వే ఎదురుగా 192.168.1.1 లేదా 192.168.0.1 లాంటి నంబరు ఉంటుంది, అది రౌటర్ సొంత నంబరు.

ఇంక పింగ్. ఇది మాత్రం నేర్చుకుని తీరండి, ఎందుకంటే మిగతా మాటలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. పింగ్ అంటే ఒక నంబరుకి 'ఉన్నావా?' అని చిన్న ముక్క పంపి, 'ఉన్నా' అన్న జవాబుకి ఎంతసేపు పట్టిందో చూడటం. 1983లో మైక్ మూస్ అనే ప్రోగ్రామర్ దీన్ని రాశాడు, జలాంతర్గాములు శబ్దం వదిలి దాని ప్రతిధ్వనితో దూరం పట్టుకుంటాయే, ఆ చప్పుడు పేరే దీనికి పెట్టాడు. నల్లకిటికీలో పింగ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, మీ గేట్‌వే నంబరు వేసి ఎంటర్ నొక్కండి. విండోస్ నాలుగుసార్లు పలకరిస్తుంది. జవాబు వచ్చిన ప్రతిసారీ రిప్లై అన్న మాటతో ఒక వరస పడుతుంది, అందులో టైమ్ ఎదురుగా 2 ఎంఎస్, 3 ఎంఎస్ అని ఉంటుంది, అంటే సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో. జవాబు రాకపోతే రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని గానీ, డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని గానీ అంటుంది.

నెట్ పోయినప్పుడు మూడు పింగ్‌లు ఇదే వరసలో చేయండి. మొదట గేట్‌వేకి. జవాబు రాకపోతే తప్పు ఇంట్లోనే, మీకూ రౌటర్‌కీ మధ్య. వస్తే రెండోది 8.8.8.8కి. ఇది గూగుల్ నడిపే ఒక సర్వర్ (ఎప్పుడూ నడుస్తూ ఉండే కంప్యూటర్) నంబరు, మామూలుగా ఎప్పుడూ పలుకుతుంది కాబట్టి గుర్తుగా పెట్టుకోవచ్చు. గేట్‌వే పలికి ఇది పలకలేదంటే మీ ఇల్లు బాగానే ఉంది, రౌటర్ అవతల, అంటే నెట్ ఇచ్చేవాళ్ల వైపు ఆగింది. రెండూ పలికాయా, మూడోసారి నంబరు బదులు మీకు తెలిసిన ఏదైనా వెబ్‌సైట్ పేరుకి చేయండి. నంబరుకి పలికి, పేరు కొడితే మాత్రం ఆ హోస్ట్ (అంటే ఆ పేరున్న కంప్యూటర్) దొరకలేదని అంటోందంటే చిక్కు పేరుని నంబరుగా మార్చే డీఎన్ఎస్‌ది. (పేరు పక్కన నంబరు చూపించి జవాబు మాత్రం రాకపోతే కంగారు పడకండి, కొన్ని సైట్లు పింగ్‌కి కావాలనే పలకవు. నంబరు కనిపించిందంటే డీఎన్ఎస్ తన పని చేసినట్టే.) చూశారా, ఆ అబ్బాయి మూడు ప్రశ్నలకీ మీ జవాబు తయారైపోయింది.

డీఎన్ఎస్ గురించి ఇంకొంచెం చెప్పాలి, నాకు ఈ దారి మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. కంప్యూటర్లు నంబర్లతోనే మాట్లాడుకుంటాయి, మనకు పేర్లే గుర్తుంటాయి. పేరు ఇస్తే నంబరు వెతికి పెట్టేది డీఎన్ఎస్. తొలిరోజుల్లో, అంటే ఇంటర్నెట్‌కి ముందు నడిచిన ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ కాలంలో, ఈ పేర్లూ నంబర్లూ అన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో దాన్ని మనుషులు చేత్తో నింపేవారు, మిగతావాళ్లు అక్కడి నుంచి నకలు తెచ్చుకునేవారు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ అది మోయలేని బరువైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ దానికి వేరే దారి చూపాడు: మొత్తం జాబితా ఎవరి దగ్గరా ఉండనక్కర్లేదు, ఎవరి వాటా వాళ్లు చూసుకుంటే చాలు, అడిగేవాళ్లకు 'నాకు తెలియదు కానీ ఫలానావారికి తెలుసు' అని చూపిస్తే చాలు. మీరు ఒక పేరు కొట్టగానే మీ డీఎన్ఎస్ సర్వర్ ముందు అన్నిటికన్నా పైనుండే రూట్ సర్వర్‌ని అడుగుతుంది, అది 'డాట్ కామ్ సంగతి వాళ్లని అడుగు' అంటుంది, వాళ్లు 'ఈ పేరు సంగతి ఇదిగో ఈ సర్వర్‌కి తెలుసు' అంటారు, చివరికి ఆ సర్వర్ నంబరు చెబుతుంది. ఇదంతా మామూలుగా సెకనులో చిన్న వంతులో అయిపోతుంది, వచ్చిన జవాబును కొంతసేపు దాచుకుంటుంది కాబట్టి రెండోసారి అడిగితే ఇంత తిరుగుడు ఉండదు. నలభై ఏళ్లు దాటినా మూలంలో అదే పద్ధతి నడుస్తోంది.

బ్రౌజర్‌లో ఎన్ఎక్స్ డొమైన్ అనే మాట ఉన్న ఎర్రర్ ఎప్పుడైనా వస్తే, 'ఆ పేరుతో ఎవరూ లేరు' అని డీఎన్ఎస్ జవాబిచ్చిందని అర్థం. ముందు పేరులో అక్షరం తప్పు పోయిందేమో చూసుకోండి. అన్ని సైట్లకీ పేర్లు దొరకట్లేదంటే మీ నెట్ ఇచ్చేవాళ్ల డీఎన్ఎస్ సర్వర్ పడిపోయి ఉండొచ్చు. అప్పుడు సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెట్టుకుంటే పని జరుగుతుంది. 'డీఎన్ఎస్ మార్చారా' అని ఆ అబ్బాయి అడిగింది దీని గురించే. మీరు ఎప్పుడూ ముట్టుకోలేదు కాబట్టి 'లేదు' అంటే సరిపోయేది.

ఇప్పటిదాకా దారి అయింది, ఇక దారిలో నడిచేది. మీరు పంపే ఫైల్ మామూలుగా ఒక్క మూటగా పోదు. చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది, ఒక్కో ముక్క మామూలుగా 1,500 బైట్లకు మించదు, ఆ ముక్క పేరు ప్యాకెట్. 3 ఎంబీల ఫొటో పంపితే దాదాపు రెండు వేల ప్యాకెట్లు బయల్దేరతాయి, అన్నీ ఒకే దారిలో పోవాలని లేదు, ముందు బయల్దేరింది ముందే చేరాలనీ లేదు. వాటిని వరసలో పేర్చి, రానిదాన్ని మళ్లీ అడిగి తెప్పించేది టీసీపీ. ఈ టీసీపీ, ఐపీల జంటకు ఆర్పానెట్ మొత్తం మారింది 1983 జనవరి 1న.

ఈ ప్యాకెట్ల సంగతి తెలిస్తే మీకు రోజూ ఎదురయ్యే ఒక చిక్కు విడిపోతుంది: స్పీడ్ టెస్ట్ బ్రహ్మాండంగా చూపిస్తుంది, వీడియో కాల్‌లో మాత్రం మనుషులు బిగుసుకుపోతారు. ఎందుకంటే వేగం అని మనం ఒకే మాటగా అనేదాంట్లో రెండు సంగతులున్నాయి. సెకనుకి ఎంత సమాచారం పట్టగలదు అన్నది బ్యాండ్‌విడ్త్, ఒక ముక్క పోయి రావడానికి ఎంతసేపు పడుతుంది అన్నది లేటెన్సీ. ఫైల్ దిగడానికి బ్యాండ్‌విడ్త్ చాలు, ఒక ప్యాకెట్ ఆలస్యమైనా, మళ్లీ తెప్పించుకున్నా మీకు తెలియదు. మాటలో అలా కాదు, అర సెకను కిందటి అక్షరం ఇప్పుడొస్తే దాంతో పనేముంది? పారేయాల్సిందే. అందుకే కాల్స్‌కి లేటెన్సీ ముఖ్యం, అది ఒకసారి 20 ఎంఎస్, ఒకసారి 200 ఎంఎస్ అని ఊగకుండా ఉండటం ఇంకా ముఖ్యం, ఆ ఊగిసలాటనే జిట్టర్ అంటారు. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహం ద్వారా నెట్ వాడేవాళ్లకి ఎంత బ్యాండ్‌విడ్త్ ఉన్నా పోయి రావడానికే అర సెకను దగ్గర పడుతుంది, వెలుతురు అంతకన్నా వేగంగా పోలేదు కాబట్టి దానికి మందు లేదు.

అకౌంట్ల మనిషి కాబట్టి ఈ లెక్క మీకు వెంటనే పట్టుబడుతుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే డౌన్‌లోడ్ మాత్రం సెకనుకి 12 ఎంబీలే చూపిస్తోందని, మోసం జరిగిందని చాలామంది బాధపడతారు. ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, తెర మీద చూపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్. నూరుని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర, కాబట్టి మోసం లేదు. ఇంగ్లిష్‌లో చిన్న బీ అయితే బిట్, పెద్ద బీ అయితే బైట్, తేడా ఆ ఒక్క అక్షరంలోనే దాక్కుని ఉంటుంది. 1 జీబీ ఫైల్ ఆ ప్లాన్‌లో దిగడానికి అన్నీ కుదిరితే ఎనభై సెకన్లు పడుతుంది. అసలు చూసుకోవాల్సింది అప్‌లోడ్ వేగం. కొన్ని ప్లాన్లలో అది డౌన్‌లోడ్‌లో పదో వంతే ఉంటుంది, మీరు పెద్ద ఫైళ్లు పంపేవారైతే ప్లాన్ తీసుకునేటప్పుడు నోరు తెరిచి ఆ అంకె అడగండి.

దారి చివర సర్వర్ ఉంటుంది, అంటే మీరు అడిగింది ఇవ్వడానికి ఎప్పుడూ మెలకువగా ఉండే ఇంకో కంప్యూటర్. ఇంటర్నెట్ అనేది దారి, వెబ్, అంటే బ్రౌజర్‌లో తెరిచే సైట్ల లోకం, ఆ దారి మీద నడిచే బళ్లలో ఒకటి. టిమ్ బెర్నర్స్ లీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1989లో యూరప్‌లోని సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో ప్రతిపాదించింది వెబ్‌నే, ఇంటర్నెట్ అప్పటికే ఉంది, ఈమెయిల్ కూడా అప్పటికే నడుస్తోంది. సైట్ తెరిస్తే 404 వచ్చిందంటే సర్వర్ దాకా చేరారు, మీరడిగిన పేజీ అక్కడ లేదు. 5తో మొదలయ్యే 500, 502, 503 లాంటివి వస్తే తప్పు ఆ సైట్ వైపుది. రెండిట్లోనూ మీ నెట్ బాగానే ఉంది, రౌటర్‌ని ఆపి ఆన్ చేయక్కర్లేదు.

ఇప్పుడు చెప్పేది మాత్రం దయచేసి నెమ్మదిగా చదవండి, మీ చేతుల మీదుగా డబ్బు లెక్కలు పోతాయి కాబట్టి. అడ్రస్ మొదట్లో హెచ్‌టీటీపీఎస్ అని ఉంటే, పక్కన తాళం గుర్తు ఉంటే, మీకూ ఆ సైట్‌కీ మధ్య నడిచేది దారిలో ఎవరూ చదవలేరని అర్థం. అంతవరకే. అవతల ఉన్నవాడు మంచివాడని ఆ తాళం చెప్పదు. దొంగ సైట్లు కూడా తాళం తెచ్చుకుంటాయి, అది తేలికే, ఖర్చు లేకుండానే దొరుకుతుంది. అవతల ఎవరున్నారో తెలియాలంటే డొమైన్ చదవడం రావాలి. అడ్రస్‌లో రెండు ఏటవాలు గీతల తర్వాత మొదలై, మళ్లీ వచ్చే మొదటి ఏటవాలు గీత దాకా ఉన్న ముక్కను తీసుకోండి, దాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. చివర డాట్ నెట్ ఉందనుకోండి, దానికి ఎడమ పక్కనున్న మాటే అసలు యజమాని పేరు. 'మీబ్యాంక్ డాట్ కామ్ డాట్ లాగిన్‌చెక్ డాట్ నెట్' అన్న అడ్రస్‌లో మీ కళ్లు ముందు మీబ్యాంక్ మీదే పడతాయి, అలా పడాలనే అలా రాశారు. కుడి నుంచి చదివితే యజమాని లాగిన్‌చెక్ డాట్ నెట్, మీ బ్యాంకుకీ దానికీ ఏ సంబంధం లేదు. కొన్ని దేశాల పేర్లలో చివరి రెండు ముక్కలు (డాట్ కో డాట్ ఇన్ లాంటివి) కలిపి ఒకటిగా లెక్క, అప్పుడు వాటికి ఎడమ పక్కది చూడండి. ఇలా కుడి నుంచి చదవడం వారం రోజులు చేస్తే కంటికి అలవాటైపోతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కుకీ అంటే సైట్ మిమ్మల్ని మళ్లీ గుర్తుపట్టడానికి మీ బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న చీటీ, లాగిన్ అయి ఉండగలుగుతున్నారంటే దానివల్లే. క్యాష్ అంటే ఇక్కడ డబ్బు కాదు, మళ్లీ దించుకోకుండా దగ్గర పెట్టుకున్న నకలు, సైట్ మారినా మీకు పాతదే కనిపిస్తుంటే క్యాష్ తుడిచి చూడండి. ఇన్‌కాగ్నిటో, అంటే బ్రౌజర్‌లోని రహస్య కిటికీ, మీ కంప్యూటర్‌లో చరిత్ర మిగలకుండా చూస్తుంది, నెట్ ఇచ్చేవాళ్లకు మీరు ఏ సైట్‌కి వెళ్లారో తెలియకుండా ఆపదు. వీపీఎన్ అంటే మీ నెట్ రాకపోకలన్నిటికీ గుడ్డ కప్పి ఇంకో చోటుకి తీసుకెళ్లి అక్కడి నుంచి బయటికి వదలడం, ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఇంటి నుంచి చేరడానికి మంచిది, కానీ అప్పటిదాకా నెట్ ఇచ్చేవాళ్లను నమ్మినట్టే ఇప్పుడు ఆ వీపీఎన్ వాళ్లను నమ్మాలి. ఊరికే ఇస్తామనే వీపీఎన్‌లో మీ లెక్కల పని చేయకండి.

మీ అబ్బాయి చెప్పిన 'ఆపి ఆన్ చెయ్యి' తీసిపారేయదగ్గ సలహా ఏమీ కాదు. రౌటర్ ఆగి మొదలైతే జ్ఞాపకంలో పేరుకున్న చిక్కుముడులు పోతాయి, నంబర్లు మళ్లీ కొత్తగా పంచుతుంది, బయటి కనెక్షన్ మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది. తీగ పీకి ముప్పై సెకన్లు ఆగి పెట్టండి, లైట్లు కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు ఇవ్వండి. అయితే రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు, ఈ తేడా నాకు కష్టపడి తెలిసింది. ఒకసారి ఫోన్‌లో అవతలి మనిషి 'వెనక చిన్న బెజ్జం ఉంటుంది, పిన్నుతో పది సెకన్లు నొక్కండి' అంటే నొక్కేశాను. వైఫై పేరూ పాస్‌వర్డూ, నెట్ కలవడానికి రౌటర్‌లో వేసి ఉన్న యూజర్ నేమూ, అన్నీ చెరిగిపోయి డబ్బా కొత్తగా కొన్నప్పటి స్థితికి పోయింది. ఆ యూజర్ నేమ్ నా దగ్గర రాసి లేదు, వాళ్ల దగ్గర నుంచి రావడానికి మూడు రోజులు పట్టింది, ఆ మూడు రోజులూ పని ఆగిపోయింది. ఎవరు చెప్పినా సరే, ఆ వివరాలు చేతిలో లేకుండా ఆ బెజ్జం జోలికి పోకండి.

పక్కన పెట్టిన నోటుబుక్కు ఇప్పుడు తీయండి. ఒకే పేజీలో ఇవి రాసుకోండి: మీ కస్టమర్ నంబరు, గేట్‌వే నంబరు, రౌటర్ యూజర్ నేమ్ ఉంటే అది, వైఫై పేరు, మూడు పింగ్‌ల వరస. నెట్ బాగా నడుస్తున్న రోజున డబ్బా మీద లైట్లు ఎలా వెలుగుతున్నాయో ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుకోండి, పోయిన రోజున పక్కన పెట్టి చూస్తే ఏ లైటు మారిందో ఇట్టే తెలుస్తుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి: 'బాబూ, సిస్టమ్‌కి ఐపీ వచ్చింది, గేట్‌వే పలుకుతోంది, 8.8.8.8 పలకట్లేదు, డీఎన్ఎస్ మార్చలేదు, రౌటర్ ఒకసారి ఆపి ఆన్ చేశాను.' అలా చెప్పిన రోజున ఏమైందో నాకు తప్పకుండా రాయండి.